తాగనివాడి ఇల్లు

ఆ ఏడు కార్తీకం మొదట్లో పెరుమాళ్‌సామి చేతిలో ఉన్నవి ఇవి. సొంత టెంపో ఒకటి, దాన్ని నడిపే మదన్ ఒకడు, కినత్తుకడవు చుట్టుపక్కల గుత్తకు తీసుకున్న చిన్న కొబ్బరి తోపులు మూడు, చెట్టెక్కే మనుషులు అయిదుగురు. ఆ అయిదుగురిలో నలుగురు ఒక ఎత్తు, కుమరేశన్ ఒక్కడూ ఒక ఎత్తు.

ఎండుకాయ కోయడం పెద్ద విద్య కాదు. నరికితే కింద పడుతుంది, ఏరుకోవచ్చు. పెరుమాళ్‌సామిది లేత బొండాల వ్యాపారం. బొండాల గెల కింద పడితే పగులుతుంది, పగిలితే సరుకు పోయినట్టే. అందుకని గెలకు తాడు కట్టి, మట్ట మీదుగా తిప్పి, ఉయ్యాల్లోంచి పసిబిడ్డను దించినట్టు దించాలి. పొట్టి చెట్ల మీద అందరూ చేస్తారు. తాతల నాటి పొడుగు చెట్ల మీద, గాలికి తల ఊగుతుంటే, ఒక చేత్తో మట్ట పట్టుకొని ఒక చేత్తో తాడు వదిలేవాడు మాత్రం కుమరేశనే. అతడు ఈ ఊరివాడు కాదు. కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి సేద్యం. వరసగా వానలు మోసం చేస్తే భార్య వల్లియమ్మాళ్‌తో బస్సెక్కి వచ్చాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అని తెలిసి పెరుమాళ్‌సామి మనవాడని పనిలో పెట్టుకున్నాడు. మనవాడు కాబట్టి కూలి బేరం కూడా సులువుగా తెగింది.

ఈ లెక్కలో ఇంకో పద్దు ఉంది. సాయంత్రం బాడుగ లారీ సరుకుతో కదిలాక కూలితో పాటు మనిషికొక క్వార్టర్ బ్రాందీ సీసా ఇవ్వాలి. ఇది పెరుమాళ్‌సామి పెట్టిన ఆచారం కాదు. అతని మామ ఈ వ్యాపారం చేసిన కాలంలో చెట్టెక్కినవాడికి ఆ చెట్టు మీది కల్లే దక్కేది. కల్లు గీత నేరమైంది, దొంగసారా వచ్చింది. అదీ పోయి సర్కారే కడై పేరుతో బ్రాందీ అంగడి తెరిచింది. చెట్టు అదే, సాయంత్రం అదే, నోరు అదే, సీసా మాత్రం మారింది. పెరుమాళ్‌సామి తాను చుక్క ముట్టడు. పెరటాసి నెల శనివారాలు పెరుమాళ్ల గుడికి చెప్పులు లేకుండా నడిచే మనిషి. క్వార్టర్‌ను అతడు తాగుడుగా చూడలేదు, డీజిలుగా చూశాడు. టెంపోకు ఒక డీజిలు, మనుషులకు ఒక డీజిలు. పోయకపోతే రెండూ కదలవు.

కార్తీకంలో కుమరేశన్ శబరిమలకు మాల వేశాడు. వేసిన రోజు నుంచి మానేశాడు. పెరుమాళ్‌సామి గమనించాడు, గమనించడమే అతని వృత్తి. మాలలో ఉన్నన్నాళ్లూ ఆ మనిషి పొద్దు పొడవకముందే తోపులో ఉన్నాడు. గెల ఒక్కటీ జారలేదు. మధ్యాహ్నం ఎండకు కూడా మాట తడబడలేదు. మిగతా నలుగురు కలిసి దించిన దానికి కొంచెం తక్కువగా అతడొక్కడే దించాడు.

కొండకు పోయి వచ్చాడు. మాల దించడానికి ముందు రోజు పొద్దున వల్లియమ్మాళ్ పీచు మిల్లుకు పోతూ పోతూ పెరుమాళ్‌సామి ఇంటి పెరటి గుమ్మం దగ్గర నిలబడింది.

"అన్నా, ఒక మాట అడిగి పోదామని వస్తిని."

"చెప్పమ్మా."

"రేపు మాల దిగుతాది. దిగినంక సాయంత్రం మీరిచ్చేది ఆయనకు ఇయ్యొద్దు."

"వద్దంటే దుడ్డుగా ఇస్తానులే."

"దుడ్డుగానూ వద్దన్నా. దుడ్డు చేతిలో ఉంటే కాళ్లు వాటంతట అవే కడైకి పోతాయి. ఊరికే ఇయ్యకుండా ఉండండి, చాలు." ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది. "మాలకు ముందు ఆయన చేయి మీరు చూసినారు కదా. పొద్దున టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకొంటాడు. అదే చేయితో ఆ పొడుగు చెట్టు మీదికి పోతాడు. ఎక్కినాడంటే దిగినాడని ఎవరైనా వచ్చి చెప్పేదాకా మిల్లులో నాకు చేయి ఆడదు. ఈ రెండు నెలలే నేను తిన్న అన్నం అరిగింది."

వంటింటి గడప మీద కూర్చొని చిక్కుళ్లు వలుస్తున్న తిరుమలమ్మాళ్ తల ఎత్తి భర్తను చూసింది. "సరేనని చెప్పండి. దీనికి ఆలోచన ఏమిటికి?"

పెరుమాళ్‌సామి ఆలోచించనూ లేదు, ఆలోచించకుండానూ లేదు. ఆమె అడిగింది న్యాయం. అందులో తనకు లాభమూ ఉంది. న్యాయమూ లాభమూ ఒకే బస్సెక్కి రావడం వ్యాపారంలో అరుదు. వచ్చినప్పుడు చేయెత్తి ఆపుకోవాలి.

"పోయి పని చూసుకోమ్మా. ఇయ్యను," అన్నాడు.

కుమరేశన్‌కు చెబితే అతడికీ పెద్ద బరువు దించినట్టయింది. "నాకూ చాలన్నా. నలుగురూ తాగతా ఉంటే నాకొద్దని చెప్పడమే పెద్ద పని. చెప్పలేకనే తాగతా ఉంటిని. మొదలాళి మీరే ఇయ్యలేదంటే నేను చెప్పే పని తప్పింది."

చెట్టెక్కేవాళ్ల మేస్త్రీ సత్యరాజ్‌కు ఇది నచ్చలేదు. మనిషి చెడ్డవాడు కాదు, నోరు ఊరుకోదు. మాల దింపినా కుమరేశన్‌ను సామి అనే పిలిచాడు. "సామీ, ఇంకా కొండ మీదనే ఉండావా? మా పక్కన వచ్చి కూర్చో. వాసనకు దుడ్డు లేదు." కుమరేశన్ నవ్వి వేరుశనగ కాయలు వలుచుకుంటూ కూర్చునేవాడు. కొన్నాళ్లకు వాళ్లకూ అలవాటైంది. పక్కన తాగనివాడు ఉంటే పోయేటప్పుడు సైకిలు పట్టుకోవడానికి మనిషి ఉన్నట్టే.

అంతవరకూ బాగుంది. పెరుమాళ్‌సామి లెక్క తప్పింది ఆ తర్వాత.

సీసాలు తేవడం ఎప్పుడూ తలనొప్పే. సత్యరాజ్‌ను పంపితే దారిలోనే ఒక సీసా మూత తీసేవాడు. తిరిగొచ్చేసరికి లోడు సగంలో ఆగి, లారీవాడు హారన్ కొడుతుండేవాడు. మదన్‌ను పంపితే ఇంకా ఆలస్యం, పైగా టెంపో నడపాల్సినవాడు. పెరుమాళ్‌సామి తానే ఒకసారి పోయాడు. కడై పొల్లాచ్చి రోడ్డు మీదే ఉంది. వరసలో నిలబడ్డ ఆ కాసేపట్లోనే తమ్ముడి వియ్యంకుడు స్కూటరు మీద పోతూ చూశాడు. సాయంత్రానికి తమ్ముడి దగ్గర్నుంచి ఫోను: "అన్నా, ఏమి, ఆరోగ్యం బాగుండాదా?" ఆ రోజుతో ఆ పని మానుకున్నాడు.

ఇప్పుడు చేతిలో తాగనివాడు ఒకడు ఉన్నాడు. దారిలో మూత తీయడు, చిల్లర తప్పు చెప్పడు, అరగంటలో తిరిగొస్తాడు. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ ఎందుకు తోచలేదా అనుకున్నాడు పెరుమాళ్‌సామి. తాను తెలివిగా చేశానని సంతోషించి రాత్రి భోజనం దగ్గర భార్యకు చెప్పాడు కూడా.

తిరుమలమ్మాళ్ అన్నం వడ్డిస్తున్న గరిటె ఆపింది. "కడైకి పోవడానికి మీకు సిగ్గు. వాణ్ణి పంపడానికి లేదా?"

"వాడికేమి సిగ్గు? తాగినవాడే కదా, ఊరికంతా తెలుసు."

"తాగినవాడని మీరే చెప్పినారు," అని ఆమె మజ్జిగ పోసింది. ఈ ఇంట్లో ఒకసారి చెప్పిన మాటను రెండోసారి చెప్పే అలవాటు లేదు.

కుమరేశన్ రోజూ పోయాడు. గుడ్డ సంచీలో సీసాలు తెచ్చాడు, పంచాడు, చేతులు కడుక్కున్నాడు. తై నెల వెళ్లింది, మాసి నెల వెళ్లింది. లారీ ఒక్కరోజూ ఆగలేదు. కోయంబత్తూరు మండీలో పెరుమాళ్‌సామి సరుకు చెప్పిన వేళకు వస్తుందన్న మాట పుట్టింది. ఆ మాటే రాజగోపాలన్ దాకా పోయింది.

రాజగోపాలన్ మదురై కోర్టులో వకీలుగా చేసి, ఇక్కడ పెద్ద తోపు కొనుక్కొని దిగినాయన. దూరపు చుట్టరికం, పెరుమాళ్‌సామికి మామ వరస. ఆయన తోపులో అన్నీ పొడుగు చెట్లే. ఎండాకాలం మొదట్లో కబురు పెట్టి పిలిపించాడు. వరండాలో నిమ్మరసం ఇప్పించాడు. తన గ్లాసులో ఉన్నది నిమ్మరసం కాదు.

మాటల్లో రోడ్డు మీది కడై సంగతి వచ్చింది. అది ముందు బడికి ఎదురుగా ఉండేది. దాన్ని జరపాలని కలెక్టరుకు అర్జీ పెట్టించింది ఈయనే.

"జరిపించినానా లేదా? అప్పుడు బడి ముందర ఉండె, ఇప్పుడు బడి వెనక ఉండాది," అని ఆయనే నవ్వాడు. "అందరికీ సంతోషం."

"జరపమని అడిగినారు, మూయమని ఎందుకు అడగలేదు మామా?"

"మూస్తే ఎవరు ఊరుకొంటారు? సర్కారు బస్సు నడిచేది, బియ్యం ఇచ్చేది దాని రాబడితో. మా చెల్లెలి మనవరాలి పెళ్లిలో వెనక రూములో అది పెట్టలేదని ఇద్దరు మామలు తాళి కట్టకముందే అలిగి పోయినారు. ఇక నీ సంగతి. రేపు మూసేస్తామని కాగితం తెస్తే నీవు సంతకం పెడతావా?"

పెరుమాళ్‌సామి గ్లాసులో తేలే నిమ్మగింజను చూస్తూ ఆలోచించాడు. అబద్ధం చెప్పి సంపాదించేది ఏమీ కనబడలేదు.

"పెట్టను మామా."

"చూసినావా. తాగని నీవే పెట్టవు. ఇంక తాగేవాడు ఎందుకు పెడతాడు?" ఆయన కాలు మీద కాలు వేసుకున్నాడు. "సరి, విషయానికి వస్తా. ఎన్నికల ముందు ఎండ ముదురుతుంది. బొండానికి అదే మంచి ధర. మా తోపు ఒక కోత నీకిస్తా. మధ్యలో ఆగకుండా దించినావంటే మూడేళ్ల గుత్త నీదే. ఆగిందంటే, పొల్లాచ్చివాళ్లు వాకిట్లో నిలబడి ఉండారు."

పెరుమాళ్‌సామి లేచి చేతులు జోడించి వచ్చేశాడు. మూడు చిన్న తోపులతో పదేళ్లు గడిపినవాడికి ఆ తోపు అంటే మదన్ నడిపే టెంపో పక్కన సొంత లారీ నిలబడ్డట్టు.

కోత మొదలైంది. సగం నడిచాక చిక్కు వచ్చింది. పోలింగు రోజుతో కలిపి మూడు రోజులు సర్కారు కడై మూత.

సత్యరాజ్ తల గోక్కుంటూ వచ్చాడు. "మొదలాళీ, మూడు రోజులు కడై ఉండదు. మేమూ ఉండము. ఊరికి పోయి ఓటు వేసి వస్తాం."

"ఓటు ఒక రోజే కదరా."

"ఓటు ఒక రోజే. సాయంత్రాలు మూడు." సత్యరాజ్ మొహం అమాయకంగా పెట్టాడు. "మిగతా దినాలు మనం ఎట్ల ఉండినా సర్కారుకు సరే. ఆ మూడు దినాలు మాత్రం తెలివిగా ఉండాలంట."

కోత మూడు రోజులు ఆగితే తోపు పోయినట్టే. పెరుమాళ్‌సామి ముందే సీసాలు కొని పెట్టాలని తీర్మానించాడు. ఒకేచోట అన్ని ఇవ్వరు. కోయంబత్తూరు పోయే దారిలో నాలుగు కడైల్లో మదన్ చేత లెక్కకు రెండు ఎక్కువే కొనిపించి, అట్టపెట్టెలో సర్ది, టెంపోలో పీచు కింద దాచి తెచ్చాడు. ఎక్కడ పెట్టాలి అన్నది తర్వాతి లెక్క. తన ఇంట్లో పెట్టడానికి లేదు. నడవలోనే పెరుమాళ్ల పటం, పైగా ఎన్నికలకు మదురై నుంచి, ఓట్లు ఇంకా ఇక్కడే ఉన్న చెల్లెలి కుటుంబం దిగింది. తోపులో పెడితే తెల్లారేసరికి ఉండదు. సత్యరాజ్ ఇంట్లో పెడితే తెల్లారక్కర్లేదు. మదన్ సంగతి చెప్పే పని లేదు. వేళ్లు మడిచి చూసుకుంటే మిగిలిన ఇల్లు ఒక్కటే. తాగనివాడి ఇల్లు.

మధ్యాహ్నం టెంపో ఆ వీధిలో ఆపాడు. వల్లియమ్మాళ్ ఆ రోజు మిల్లుకు పోలేదు, వాకిట్లో బట్టలు ఆరవేస్తోంది. పెట్టె చూసింది. లోపల ఏముందో అడగలేదు. సీసాలు ఒకదానికొకటి తగిలే చప్పుడు ఆమెకు కొత్త కాదు.

"అన్నా, ఇది నా ఇల్లు," అంది.

"మూడు రోజులేనమ్మా. పూట పూటకీ తీసి ఇచ్చేస్తాడు, అయిపోతుంది."

"మీ ఇంట్లో పెట్టుకోకూడదా?"

"చుట్టాలు వచ్చి ఉండారు."

ఆమె తడి చీర చేతిలో పట్టుకొని అలాగే నిలబడింది. కుమరేశన్ అప్పుడే అన్నానికి వచ్చి గడపలో ఉన్నాడు. పెరుమాళ్‌సామి ఇద్దరినీ చూశాడు. బేరంలో ఎక్కడ నొక్కాలో తెలిసిన చేయి అక్కడే నొక్కింది.

"నాకు వీడి మీద నమ్మకం ఉండాది కాబట్టి తెచ్చినా. నీకు లేదా వల్లీ?"

మొగుడు వింటుండగా ఆ మాటకు లేదని ఏ ఆడది చెబుతుంది? ఆమె చీర తాడు మీద వేసి పక్కకు జరిగింది. కుమరేశన్ తానే వచ్చి పెట్టె భుజానికెత్తుకున్నాడు. అతని మొహం వెలుగుతోంది. ఊళ్లో ఇంతమంది ఉండగా మొదలాళి తనను నమ్మాడు. పెట్టెను మంచం కింద తోసి, ముందర బియ్యం డబ్బా అడ్డం పెట్టాడు.

కడై మూసిన మొదటి సాయంత్రానికే వీధికి వాసన తెలిసిపోయింది. ఒకరి తర్వాత ఒకరు గుమ్మంలోకి వచ్చారు. రెట్టింపు ఇస్తామన్నవాళ్లు, అత్తగారు చనిపోయిందని చెప్పినవాళ్లు, మన పార్టీ మనుషులకే అని భుజం మీద చేయి వేసినవాళ్లు. కుమరేశన్ అందరికీ లేదని చెప్పి పంపాడు. వద్దని చెప్పలేక తాగిన మనిషి ఆ రెండు రోజులు ఇంటి ముందు నిలబడి చెబుతూనే ఉన్నాడు.

రెండో రోజు రాజగోపాలన్ నుంచి పెరుమాళ్‌సామికి ఫోను వచ్చింది. "మదురై నుంచి మిత్రులు వచ్చినారు. నా దగ్గర అయిపోయింది. నీ దగ్గర ఉండాదని విన్నా."

పెరుమాళ్‌సామి కుమరేశన్‌కు ఫోను చేశాడు. "వకీలు మామ డ్రైవరు వస్తాడు. రెండు ఇచ్చి పంపు."

"ఎవరికీ లేదని చెప్పినానే అన్నా."

"ఆయన ఎవరో కాదు కదా."

డ్రైవరు వచ్చాడు. కారు ఆ ఇరుకు వీధిలో తిరగలేక అరగంట నిలబడింది. ఆ తర్వాత కుమరేశన్ లేదని చెబితే వీధిలో ఎవరూ నమ్మలేదు. కారున్నవాడికైతే ఉందా అని ఒకడు అడిగేసి పోయాడు. కుమరేశన్ తలుపు మూసుకొని లోపల కూర్చున్నాడు. మంచం మీద అతను, మంచం కింద పెట్టె.

పోలింగు రోజు పొద్దున ఓట్లు వేసి, తొమ్మిదికంతా అందరూ తోపులో ఉన్నారు. ఒక్కడు మాత్రం కంబం వైపు సొంత ఊరికి ఓటు వేయడానికి పోయి రాలేదు. సాయంత్రానికి కోత ముగిసింది. ఆఖరి చెట్టు ఆఖరి గెలను కుమరేశనే దించాడు. లారీ నిండి, తాళ్లు బిగించి, బెంగుళూరు దారి పట్టింది. రాజగోపాలన్ స్వయంగా వచ్చి చూసి, పెరుమాళ్‌సామి చేయి పట్టుకొని ఊపాడు. సత్యరాజ్ వాళ్లు తమ సీసాలు తీసుకొని గట్టు మీద కూర్చున్నారు.

ఊరికి పోయినవాడి సీసా ఒకటి మిగిలింది.

కుమరేశన్ దాన్ని సంచీలో వేసుకొని, సైకిలు తొక్కుకుంటూ పెరుమాళ్‌సామి ఇంటికి వచ్చాడు. ఇంకా వెలుతురు ఉంది. వరండాలో చెల్లెలు, ఆమె భర్త, పిల్లలు వేలి మీది సిరా గుర్తులు చూపించుకుంటూ కూర్చున్నారు. గేటు దగ్గర సైకిలు ఆగడం, హ్యాండిలుకు సంచీ వేలాడడం చూసి పెరుమాళ్‌సామి గబగబా ఎదురుపోయాడు.

"ఒకటి మిగిలిందన్నా. ఇచ్చి పోదామని."

"ఇక్కడికి ఎందుకు తెస్తివిరా, అందరూ ఉండారు."

"ఏమి చేయను మరి?"

"నీ దగ్గరే పెట్టుకో. రేపు చూద్దాం."

కుమరేశన్ సంచీ వైపు చూశాడు, పెరుమాళ్‌సామి వైపు చూశాడు. "నా దగ్గరే పెట్టుకోనా?" అని మళ్లీ అడిగాడు. వరండాలోంచి ఎవరో పిలుస్తున్నారు. పెరుమాళ్‌సామి సరే సరే అని చేయి ఊపి వెనక్కి తిరిగాడు.

మరునాడు కుమరేశన్ రాలేదు. కోత ముగిసింది, అలసిపోయి ఉంటాడు, పడుకోనీ అనుకున్నాడు పెరుమాళ్‌సామి. ఆ మర్నాడూ రాలేదు. అప్పుడు చిన్న తోపుల్లో పని మొదలు పెట్టాలి కాబట్టి ఇంటికి పోయాడు. వల్లియమ్మాళ్ గడపలో కూర్చొని బియ్యం చెరుగుతోంది.

"ఎక్కడమ్మా?"

"లోపల పడుకొని ఉండాడు."

లోపలి నుంచి వాసన వచ్చింది. పెరుమాళ్‌సామి గడప దాటలేదు.

"మిగిలింది ఒక్కటే కదా వల్లీ."

"మీరు పెట్టుకోమనింది ఒక్కటేనన్నా. పెట్టుకొన్నాడు. మిగతావి నిన్న కడై తెరిచినంక ఆయనే పోయి తెచ్చుకొన్నాడు. దోవ బాగా తెలుసు కదా, రోజూ పోయినదే."

"నీవైనా చెప్పకూడదా? చూస్తా ఊరికే ఉంటివా?"

"చూస్తానే ఉంటిని. పెట్టె ఇంట్లోకి వచ్చిన నాడే చూస్తా ఉంటిని."

ఆమె గొంతులో కోపం లేదు. ఈ ఏడూ వాన లేదని చెప్పేవాళ్ల గొంతులా ఉంది. కోపంగా చెప్పి ఉంటే పెరుమాళ్‌సామి దగ్గర జవాబులు ఉండేవి. నేను తాగమన్నానా, ఇన్ని నెలలు కాపాడింది ఎవరు, మనసు గట్టిగా ఉంటే సీసా ఏమి చేస్తుంది. దారి పొడుగునా అవన్నీ తయారు చేసుకొనే వచ్చాడు. ఆమె చేటలోంచి ఒక రాయి ఏరి పారేసి మళ్లీ చెరగడం మొదలు పెట్టింది. అతడు వెనక్కి తిరిగి వచ్చేశాడు.

నాలుగో నాటికి కుమరేశన్ తానే తోపుకు వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు, విభూతి పెట్టుకున్నాడు. నడుముకు తాడు చుట్టుకొని చెట్టు మొదట్లో నిలబడ్డాడు. పెరుమాళ్‌సామి అతని చేతులు చూశాడు. తాడు ముడి వేయడానికి మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారికి వేయగలిగాయి.

"నీవు కింద ఉండు. లోడు చూసుకో," అన్నాడు.

"ఎక్కగలనన్నా."

"వద్దని చెప్పినా కదా."

కుమరేశన్ తాడు విప్పి సత్యరాజ్‌కు ఇచ్చాడు. ఆ రోజంతా కిందే ఉండి గెలలు మోశాడు. కింద పనిచేసేవాడికి కూలి తక్కువ. అది ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రం సీసాలు పంచే వేళ కుమరేశన్ మిగతావాళ్లతో పాటు వచ్చి నిలబడ్డాడు. చేయి చాపలేదు, ఊరికే నిలబడ్డాడు. నలుగురూ పెరుమాళ్‌సామిని చూశారు. ఇవ్వనని చెప్పవచ్చు. చెబితే కూలి దుడ్డుతో నేరుగా కడైకి పోతాడు, అక్కడ ఒకటితో ఆగడు. ఇస్తే ఒకటితో ఆగవచ్చు. పెరుమాళ్‌సామి మనసు అలవాటు కొద్దీ రెండు వైపులా తూచింది. రెండు వైపులా ఒకటే తూగింది. సత్యరాజ్ ఒక మాటా అనకుండా తన సీసా మూత తీసి, గట్టు మీద కాస్త జరిగి చోటిచ్చాడు. అందులో ఎగతాళి లేదు. దూరమైన తమ్ముడు తిరిగొస్తే అన్న జరిగినట్టు జరిగాడు. పెరుమాళ్‌సామి సీసా ఇచ్చాడు.

ఆ రాత్రి అతడు భోజనం దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఎవరిది తప్పు అని తేల్చాలని చూశాడు. సర్కారు అమ్మింది, చట్టప్రకారమే అమ్మింది. తాను కొన్నాడు, పాత ఆచారమే జరిపాడు. వకీలు మామ అడిగాడు, చుట్టాలకు మర్యాద చేశాడు. సత్యరాజ్ తాగాడు, ఒళ్లు నొప్పులకు తాగాడు. ఎవరి పద్దు విప్పి చూసినా అందులో ఆ సీసా రాబడి వైపే ఉంది. ఖర్చు రాసుకోవాల్సిన ఇళ్లలో లెక్క రాసే అలవాటు లేదు. తిరుమలమ్మాళ్ కంచం తీస్తూ ఏమైనా అంటుందేమోనని చూశాడు. ఆమె కంచం తీసుకొని వంటింట్లోకి పోయింది. చెప్పవలసింది ఆమె ఎప్పుడో ఒకసారి చెప్పేసింది.

ఆడి నెలలో గాలులు మొదలై కోతలు మందగించినప్పుడు పెరుమాళ్‌సామి ఆ ఏటి ఫలితం చూసుకున్నాడు. రాజగోపాలన్ తోపు మూడేళ్లకు వచ్చింది. ఎన్నికల్లో కూడా కోత ఆపనివాడని మండీలో పేరు వచ్చింది. ఆ పేరు విని ఇంకో ఇద్దరు తోపువాళ్లు తామే కబురు పెట్టారు. పొడుగు చెట్లకు పొల్లాచ్చి వైపు నుంచి కొత్త మనిషి దొరికాడు. కూలి ఎక్కువ అడుగుతాడు, గెల కొంచెం తొందరగా వదులుతాడు, అయినా పని జరుగుతోంది. కుమరేశన్ కిందే ఉన్నాడు. చెట్టెక్కడు కాబట్టి, దిగాడో లేదో అన్న భయం వల్లియమ్మాళ్‌కు తప్పింది. ఆమె దారిలో ఎదురైతే అన్నా అంటుంది, ఆగదు. సాయంత్రం పంచే సీసాలు నాలుగు ఉండేవి. ఇప్పుడు ఆరు.